పదకొండు నెలల కాగితం, మూడేళ్ల నేల

2022 జనవరి చివరి వారంలో, సంక్రాంతి ముగ్గులు వాకిట్లో ఇంకా పూర్తిగా చెరగక ముందే, మేము కాపు మీదున్న మిరప చేనును ట్రాక్టరు పెట్టి దున్నించేశాము. ఆ శీతాకాలం గుంటూరు చుట్టుపక్కల మిరప వేసిన ఎవరినడిగినా నల్ల తామర పురుగు గురించే చెబుతారు. అంతకుముందు మేమెరిగిన తామర పురుగు ఆకుల్ని పైకి ముడుచుకుపోయేలా చేసేది. ఇది ఏకంగా పువ్వులోనే కాపురం పెట్టింది. పువ్వును తెంపి అరచేతిలో దులిపితే నల్లటి నూకలా రాలి పాకేది. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన కొత్త జాతి అని శాస్త్రవేత్తలు చెప్పిన మాట మా ఊరు చేరేలోగా మేము 14 సార్లు మందు కొట్టాము. కొట్టిన కొద్దీ పురుగు పెరిగిందే తప్ప తగ్గలేదు. దాన్ని తినే అక్షింతల పురుగులు, సాలీళ్లు ఆ మందులకు ముందే చచ్చిపోయాయన్న సంగతి నాకు ఏడాది తర్వాత గాని అర్థం కాలేదు.

మాది ప్రత్తిపాడు మండలంలో ఒక ఊరు. నల్లరేగడి నేల. వానను నమ్ముకున్న సాగు. మా మామగారి పేరు మీద ఎకరం భూమి ఉంది. మరో రెండున్నర ఎకరాలు కౌలుకు చేస్తున్నాము. మిరప వేసేది ఆ కౌలు చేలోనే. ఎకరానికి 25 వేల రూపాయల కౌలు, ఉగాదికి సగం, పంట చేతికొచ్చాక సగం. పురుగుమందులు, ఎరువులు ఊళ్లోని కొట్టులో అరువు మీద తెచ్చుకునేవాళ్లము. నూటికి రెండు రూపాయల వడ్డీ. పంట వచ్చాక కాయ ఎవరి కమీషన్ దుకాణానికి వెళ్లాలో కూడా ఆ అరువే నిర్ణయించేది. చేను దున్నించిన నాటికి కొట్టు ఖాతాలో మా బాకీ 1,86,000 రూపాయలు.

ఈ ఖాతా మా వారి పేరు మీద ఉండేది. డ్రమ్ముల్లోకి నీళ్లు మోసి మందు కలిపేది నేనూ మా అత్తయ్యా. కొట్టేది మా వారు. కలుపు తీసేది, కాయ కోసేది ఆడకూలీలు. ఏ మందు తేవాలో చెప్పేది కొట్టు ఆయన. బాకీ తీర్చవలసి వచ్చినప్పుడు మాత్రం తాకట్టుకు వెళ్లేది నా మెడలోది. నేను డిగ్రీ చదివాను, డ్వాక్రా సంఘం పుస్తకాలు ఎనిమిదేళ్లుగా రాస్తున్నాను, అయినా సరే ఈ లెక్క ఇంత సూటిగా ఏనాడూ కాగితం మీద పెట్టి చూసుకోలేదు. ఆ ఫిబ్రవరిలో ఒక రాత్రి చూసుకున్నాను.

మార్చి నెలలో గ్రామ సంఘం సమావేశానికి పక్క మండలం నుంచి ఒక సీఆర్పీ, అంటే తోటి రైతులకు సాగు నేర్పే మహిళా కార్యకర్త, వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వ రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయాన్ని 2016 నుంచి మహిళా సంఘాల ద్వారానే ఊళ్లలోకి తీసుకువెళ్తోంది. ఆ ఆఫీసు ఉన్నది గుంటూరులోనే అయినా మా ఊరికి రావడానికి అన్నేళ్లు పట్టింది. ఆమె కూడా కౌలుకు చేసుకునే మనిషే. జీవామృతం గురించి చెబుతుందని మేమంతా నోటు పుస్తకాలు తీసుకుని కూర్చుంటే, ఆమె మొదట అడిగిన ప్రశ్న వేరు.

"వదినా, పేడ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఎవరెవరికి కొట్టులో ఎంతెంత ఉందో చెప్పండి."

ఎవరూ నోరు విప్పలేదు. ఊళ్లో అప్పు అందరికీ ఉంటుంది గాని నలుగురిలో చెప్పుకునేది కాదు. చివరికి నేనే లేచి చెప్పాను. తర్వాత ఒక్కొక్కరూ చెప్పారు. 12 మందిలో తొమ్మిది మంది ఖాతాలు అదే కొట్టులో ఉన్నాయని తేలింది. కొట్టుకు బాకీ ఉన్న మనిషి మందు మానేస్తానంటే కొట్టు ఊరుకోదని, అందుకే ముందు బాకీని కొట్టు నుంచి సంఘానికి మార్చుకోవాలని, ఆ తర్వాతే విత్తనం మాట ఎత్తాలని ఆమె వాదన. అప్పు తీరదు, కానీ అప్పు ఇచ్చినవాడు మారతాడు. సంఘానికి బ్యాంకు లింకేజీలో వచ్చిన మొత్తంలో నా వాటాగా లక్ష, పొదుపు సంఘాలకు అప్పులిచ్చే స్త్రీనిధి నుంచి 50 వేలు తీసుకుని, మిగిలిన 36 వేలకు నా నల్లపూసల గొలుసు పెట్టాను. కొట్టుకు మా వారితో పాటు నేనూ వెళ్లాను.

"ఏందమ్మాయ్, అంత తొందరేముంది? పై పంటకు చూసుకుందాం లే," అన్నాడు ఆయన.

"లేదన్నయ్యా, ఖాతా కొట్టేయ్. మళ్లీ కావాల్సొస్తే డబ్బిచ్చి తీసుకుంటాం," అన్నాను.

ఆయన ఎర్ర సిరాతో అడ్డంగా ఒక గీత గీసి, పుస్తకం మా వైపు తిప్పి చూపించాడు. తిట్టలేదు, బెదిరించలేదు. నన్ను చూసి కాస్త జాలిపడ్డట్టు అనిపించింది. అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఇంట్లో ఒప్పందం ఇలా కుదిరింది: కౌలు చేలో ఒక ఎకరం నా పద్ధతిలో, మిగిలిన ఎకరన్నర మా వారి పద్ధతిలో, కానీ మందులు అరువుకు తేకూడదు. ఈ షరతు నాది. ఒకేసారి మొత్తం మార్చమని సీఆర్పీ కూడా చెప్పలేదు.

మొదటి పని నవధాన్యాలు. పేరు నవధాన్యాలే అయినా విత్తనాలు తొమ్మిది కాదు. తొలకరికి ముందే, ఎండల్లోనే, 20, 30 రకాలు కలిపి పొడి దుక్కిలో చల్లేస్తారు. మే, జూన్ నెలల్లో నేల ఖాళీగా ఎండకు మాడకుండా ఏదో ఒక పచ్చదనం కప్పుకుని ఉండడం, రకరకాల వేళ్లు నేలలోకి దిగి సూక్ష్మజీవులకు తిండి పెట్టడం దీని ఉద్దేశం. విత్తనాల కోసం నేను కొట్టుకు వెళ్లలేదు. కంది, పెసర, మినుము, అలసంద మా ఇంట్లోనే ఉన్నాయి. జొన్న, సజ్జ, కొర్ర మా పుట్టింటి నుంచి తెప్పించాను. నువ్వులు, ఆవాలు, మెంతులు, ధనియాలు వంటింటి డబ్బాల్లోంచి పోశాను. గోంగూర, తోటకూర, బెండ, గోరుచిక్కుడు, ఆముదం సంఘం వాళ్లు తలా పిడికెడు ఇచ్చారు. జనుము, జీలుగ, పిల్లిపెసర మాత్రం కొన్నాము. అంతా కలిపి 19 రకాలు, 12 కిలోలు అయ్యాయి.

ఆ విత్తనాలకు గుళిక కట్టిన రోజు నాకు బాగా గుర్తుంది. పొద్దున్నే ఇంటి వెనక వేపచెట్టు కింద పట్టా పరిచి విత్తనం పోశాము. ముందురోజు సాయంత్రం పేడ, మూత్రం, సున్నం, గట్టు మట్టి నీళ్లలో కలిపి నానబెట్టిన బీజామృతాన్ని అత్తయ్య వేపరెమ్మతో చిలకరిస్తూ ఉంటే, నేనూ మా తోడికోడలూ పట్టా రెండు చివరలూ పట్టుకుని విత్తనాన్ని అటూ ఇటూ దొర్లించాము. తడి పట్టిన విత్తనం మీద జల్లించిన చెరువు మట్టి, మళ్లీ చిలకరింపు, మళ్లీ మెత్తగా దంచిన ఘనజీవామృతం, అంటే పేడతో చేసి ఆరబెట్టిన ఎరువు. నాలుగైదు విడతలకు ఆవగింజ కాస్తా పెసరగింజంత అయింది, పెసరగింజ శనగంత అయింది. పిండివంటకు బూందీ దూసినట్టే ఉందని అత్తయ్య నవ్వింది. ఇలా పూత పట్టిన గింజ పొడి నేలలో చీమల పాలు గాకుండా, పిట్టలు ఏరుకోకుండా, సరిపడా తేమ తగిలేదాకా ఆగుతుంది. చిన్నాపెద్దా గింజలు ఒకే పరిమాణానికి వస్తాయి కాబట్టి చల్లడం కూడా సమానంగా పడుతుంది. నీడన ఆరబెట్టి, మే 7న ఎకరానికి 400 కిలోల ఘనజీవామృతంతో పాటు చల్లి, గుంటక తోలించి, పైన చొప్ప, జనపకట్టె పల్చగా పరిచాము.

నాలుగు రోజులకే, మే 11న, అసని తుఫాను మచిలీపట్నం దగ్గర తీరం దాటింది. మా ఊళ్లో ఒక మంచి వాన పడింది. వారంలో చేను పచ్చబడింది. ఇది నా గొప్పతనమేమీ కాదు, కాలం కలిసొచ్చింది. ఆ తర్వాత మూడు వారాలు చినుకు లేదు; చొప్ప సరిగ్గా పరవని తూర్పు వైపు గట్టు వెంట మొలకలు మాడిపోయాయి, పరిచిన చోట నిలబడ్డాయి. ఆచ్ఛాదన ఎందుకో చెప్పడానికి నాకు ఇంకెవరూ అవసరం లేకపోయింది.

అయితే ఆ పచ్చదనం చూసి భూమి ఆసామికి కోపం వచ్చింది. ఆయన విజయవాడలో ఉంటారు, మా మామగారికి వరసకు తమ్ముడు. ఎవరో ఫోటో తీసి పంపారు. "చేలో కలుపు పెంచుతున్నారంటగా అమ్మాయ్, నా పొలం తుమ్మలు మొలిపించి అప్పగిస్తావా ఏంది?" అని ఫోన్ చేశారు. ఒకసారి వచ్చి చూడండి బాబాయి గారూ అంటే జూన్ చివర్లో వచ్చారు. నేను మాటలేమీ చెప్పకుండా గోంగూర, తోటకూర, బెండకాయలు, లేత అలసంద కాయలు ఒక సంచి నింపి కారులో పెట్టాను. ఆ ఏడాదికి ఆ సంచే నా సంజాయిషీ. 55వ రోజున పైరు కోసి కొంత గేదెకు వేసి, మిగతాది దున్నించి, ఆగస్టులో మిరప నారు నాటాము.

జీవామృతం తయారీ గురించి ఇప్పుడు అందరికీ తెలుసు కనుక దాని మీద ఎక్కువ రాయను: 200 లీటర్ల నీళ్లకు 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల శనగపిండి, పిడికెడు గట్టు మట్టి, నీడలో గోనెపట్టా కప్పి 48 గంటలు ఉంచి, రోజుకు రెండుసార్లు కర్రతో కలపడం. అది ఎకరానికి ఒక తడవకు సరిపోతుంది. 15 రోజులకొకసారి పోయాలి. ఎవరూ చెప్పని సంగతి ఒకటి మాత్రం చెప్పాలి. ఈ పనంతా ఆడవాళ్ల నడుము మీద పడుతుంది. మందు డబ్బా మూత తిప్పితే వస్తుంది. జీవామృతానికి పేడ ఎత్తాలి, మూత్రం పట్టాలి, డ్రమ్ము కలపాలి, వడగట్టాలి, మోయాలి. మా ఇంట్లో ఉన్నది గేదె. నాటు ఆవు కోసం రెండు వీధుల అవతలికి వెళ్లి, తెల్లవారుజామున నాలుగున్నరకు బకెట్టు పట్టుకుని నిలబడేదాన్ని. ప్రకృతి వ్యవసాయానికి ఖర్చు లేదని వేదికల మీద చెప్పేవారు ఆ తెల్లవారుజాము నిద్రకు ధర కట్టరు. రెండో ఏడాది మా సంఘంలోని ఒక ఒంటరి మహిళ రెండు నాటు ఆవులతో ఎన్పీఎం షాపు, అంటే రసాయన మందులు లేని సాగుకు సరుకు అమ్మే కొట్టు, పెట్టి, జీవామృతం, వేపాకుతో చేసే నీమాస్త్రం, కషాయాలు లీటర్ల లెక్కన అమ్మడం మొదలుపెట్టాకే ఆ భారం తగ్గింది. ఆమెకు ఆదాయం, మాకు నిద్ర.

పురుగు విషయంలో నాకు భయం పోలేదు. చేను చుట్టూ మూడు వరసల జొన్న, గట్ల వెంట ఆముదం, మధ్యలో అక్కడక్కడా బంతి వేశాము. ఆముదపు ఆకుల మీద పొగాకు లద్దె పురుగు గుడ్లు పెడితే ఆ ఆకునే తుంచి పారేస్తాము. తామర పురుగుకు నీలం జిగురు అట్టలు, తెల్లదోమకు పసుపు అట్టలు కట్టాము. అక్టోబరులో పూతలో మళ్లీ నల్ల పురుగు కనిపించినప్పుడు ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే కొట్టుకు పోదామా అని నేనే అన్నాను. మా వారు, ఏనాడూ నా పద్ధతిని మెచ్చుకోని మనిషి, "నాలుగు రోజులు ఆగి చూద్దాం, డబ్బులు పెట్టి కొనాలిగా," అన్నారు. నీమాస్త్రం రెండుసార్లు కొట్టాము. పురుగు పోలేదు, కానీ పువ్వుకు పది పదిహేను ఉండేవి మూడు నాలుగుకు తగ్గాయి. పూత నిలబడింది.

మొదటి ఏడాది లెక్క దాచకుండా రాస్తాను. నా ఎకరంలో ఎండు కాయ 11 క్వింటాళ్లు వచ్చింది. కౌలు కాకుండా ఖర్చు 58 వేలు. మా వారి పద్ధతిలో ఎకరానికి 18 క్వింటాళ్లు, ఖర్చు 1,32,000. ఆ ఏడు మిర్చి యార్డులో ధర బాగుంది, మాకు క్వింటాలుకు సగటున 19 వేలు పడింది. అంటే ఎకరానికి నాకు లక్షన్నర మిగిలితే, ఆయనకు రెండు లక్షల పదివేలు మిగిలింది. దాదాపు 60 వేలు నేను ఓడిపోయాను. యార్డులో కాయను రంగు, ఆరుదల, తాలు చూసి ధర కడతారు. ఏ పద్ధతిలో పండించారని ఎవరూ అడగరు. నా టిక్కీలు (మిర్చి బస్తాలు), ఆయన టిక్కీలు ఒకే కాటా మీద ఒకే ధరకు తూగాయి. సంఘం బాకీకి కిస్తీలు కట్టుకుంటూ ఇంకో ఏడాది చూద్దామనే ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందంటే, అరువు లేకపోవడం నుంచే. కొట్టు ఖాతా ఉండి ఉంటే ఆ 60 వేల తేడా చూపించి నన్ను వెనక్కి లాగేవారు. సంఘం అప్పుకూ వడ్డీ ఉంది గాని, ఏ పంట ఎలా వేయాలన్న షరతు లేదు.

రెండో ఏడాది మొదట్లోనే కాగితం గొడవ వచ్చింది. 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం ఆసామి సంతకంతో 11 నెలల ఒప్పందం రాసుకుంటే కౌలుదారుకు కార్డు ఇస్తారు. దాంతో పంట మీద మాత్రమే హక్కు, భూమి మీద ఏమీ ఉండదు. పంట రుణానికి, బీమాకు, నష్టపరిహారానికి ఆ కార్డూ, ఏ చేలో ఎవరు ఏ పంట వేశారో రాసే ఈ-పంట నమోదూ ఆధారం. సంతకం పెడితే పొలం పోతుందని ఆసాములకు భయం. మా బాబాయి గారికీ అదే భయం. పైగా కార్డు నా పేరు మీద కావాలని నేను పట్టుబట్టాను, ఎందుకంటే చేను చేసేది నేను. "ఆడకూతురి పేరు మీద దేనికమ్మా, అబ్బాయి పేరు రాయించు," అన్నారు. చట్టం నకలు తెలుగులో ఉన్నది చదివి వినిపించాను. గ్రామ సంఘం అధ్యక్షురాలు, రైతు భరోసా కేంద్రం వ్యవసాయ సహాయకురాలు కూడా వచ్చి కూర్చున్నారు. మూడోసారి అడిగినప్పుడు సంతకం పెట్టారు. తీరా ఒక కార్యాలయంలో నా పేరు బదులు మా వారి పేరే ఎక్కించారు. దాన్ని దిద్దించడానికి నాలుగుసార్లు తిరిగాను.

ఆ దిద్దుబాటు ఎంత అవసరమో అదే ఏడాది తెలిసింది. 2023 ఆగస్టు, దేశంలో 1901 తర్వాత అంత వాన లేని ఆగస్టు అని వాతావరణ శాఖ ప్రకటించింది. నారు నాటవలసిన నెలలో నేల నెర్రెలు విచ్చింది. మా ఊరి రేగడిలో నెర్రె అంటే అరచేయి పెడితే మణికట్టు దాకా దిగుతుంది. మా ఎకరంలో కూడా నెర్రెలు వచ్చాయి, కానీ వేలు పట్టేంతే. నవధాన్యాలు దున్ని, పైన చొప్ప కప్పిన చోట బెత్తెడు లోతు తవ్వితే మన్ను పిడికిట్లో ఉండ కట్టింది. గట్టు అవతల తోడికోడలు వాళ్ల చేలో అదే లోతున పొడి గడ్డలు లేచాయి. రోజూ చూస్తున్న నేలే అయినా ఆ రోజు రెండు పిడికిళ్లలో రెండు రకాల మట్టి పట్టుకుని కాసేపు గట్టు మీదే కూర్చున్నాను. మేము 20 రోజులు ఆలస్యంగా నాటాము. మళ్లీ డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఎండ వల్ల ఆలస్యమైన చేను, పూత మీద ఉండగా, రెండు రోజుల వాన. గుల్లబారిన మన్ను నీటిని త్వరగా ఇంకించుకుంది. మా ఎకరంలో మరునాటి సాయంత్రానికి నీళ్లు తీశాయి, పక్క చేలలో ఇంకో రెండు రోజులు పట్టింది. అలాగని మేము బయటపడలేదు. పల్లపు మూలన పావు ఎకరం మేర మొక్కలు వేరు కుళ్లి వడలిపోయాయి. నష్టం రాసుకోవడానికి వచ్చినప్పుడు జాబితాలో నా పేరు ఉంది. ఆసామి పేరు మీద పోవలసిన పరిహారం సాగు చేసినవారికే వచ్చిందని మా ఊళ్లో చెప్పుకున్నారు.

వాతావరణ మార్పు అనే మాట మేము శిక్షణల్లో విన్నాము. యూరియా వేసిన నేల నుంచి నైట్రస్ ఆక్సైడ్ వెలువడుతుందని, వందేళ్ల లెక్కన అది బొగ్గుపులుసు వాయువుకు 273 రెట్లు వేడి పుట్టిస్తుందని చెప్పారు. అది నిజమే కావచ్చు, నిజమే. కానీ మా సంఘంలో ఎవరూ ఆ లెక్క కోసం యూరియా మానలేదు. ఒకే పంటకాలంలో ఎండకు ఒకసారి, వరదకు ఒకసారి చేను పోగొట్టుకునే స్థితి వచ్చాక, రెండింటికీ తట్టుకునే నేల కావాలనిపించి మానారు. ఆ నేల వల్ల లోకానికి కూడా మేలు జరిగితే సంతోషమే.

మూడో ఏడాది మా వారు తన ఎకరన్నర కూడా మార్చారు. ఎందుకని నేను అడగలేదు. ఆయన చెప్పలేదు. 2024 మే నెలలో పట్టా రెండో చివర పట్టుకున్నది ఆయనే. జూలైలో ఆంధ్రప్రదేశ్ సామాజిక ప్రకృతి వ్యవసాయానికి లిస్బన్‌లో గుల్బెంకియన్ బహుమతి వచ్చిందని, మరో ఇద్దరితో కలిపి పంచిన ఆ బహుమతి 10 లక్షల యూరోలని ఫోన్లలో వార్త తిరిగింది. అందులో మనకెంత వస్తుందే అని అత్తయ్య అడిగింది. సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చి, బుడమేరు పొంగి విజయవాడలో చాలా భాగం నీట మునిగిన ఆ వానలకు మా చేలో కూడా నారు కొంత పోయింది, తిరిగి నాటాము.

ఆ ఏడు ధర పడిపోయింది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల చొప్పున మార్కెట్ జోక్య పథకం ప్రకటించవలసి వచ్చిందంటే యార్డులో పరిస్థితి ఊహించవచ్చు. మాకు సగటున 11 వేలు పడింది. మా దిగుబడి ఎకరానికి 16 క్వింటాళ్లు, ఖర్చు 61 వేలు. మిగిలింది లక్షా 15 వేలు. తోడికోడలు వాళ్లకు 18 క్వింటాళ్లు వచ్చినా 1,45,000 ఖర్చు పోగా 53 వేలే మిగిలింది, అందులోంచే కౌలు కట్టాలి, కొట్టు వడ్డీ కట్టాలి. మొదటి ఏడాది నేను ఓడిపోయిన 60 వేలు అలా వెనక్కి వచ్చాయి. ధర ఉన్న ఏడు దిగుబడి గెలుస్తుంది, ధర లేని ఏడు ఖర్చు తగ్గించినవాళ్లు బతుకుతారు. వచ్చే ఏడు ఎలాంటిదో నాటేటప్పుడు ఎవరికీ తెలియదు.

ఇంకొక దారి కూడా తెరుచుకుంది. మా సంఘంలో ఏడుగురం పీజీఎస్ (రైతులే ఒకరికొకరు హామీ ఉండే సేంద్రియ ధ్రువీకరణ) బృందంగా చేరి, ఒకరి చేను ఒకరు తనిఖీ చేసుకుని నమోదు చేసుకున్నాము. ఈ తనిఖీలో మొహమాటం పనికిరాదు. ఒక వదిన చేలో యూరియా బస్తా ఖాళీ సంచి దొరికితే, ధనియాలు ఆరబోసుకోవడానికి తెచ్చానని ఆమె ఎంత చెప్పినా రాసుకోవలసి వచ్చింది, నెల రోజులు ఆమె నాతో మాట్లాడలేదు. ఏప్రిల్ నెలలో, ఆవకాయల వేళ, తొడిమలు తీసిన కాయ నాలుగు క్వింటాళ్లు కారం పట్టించి గుంటూరు బ్రాడీపేటలో, విజయవాడ సత్యనారాయణపురంలో తెలిసినవాళ్ల ఇళ్లకు కిలోల లెక్కన ఇచ్చాము. యార్డు ధర కంటే బాగా గిట్టింది. అయితే ఆ నాలుగు క్వింటాళ్లకే నెల రోజులు తిరిగాము. 40 క్వింటాళ్లు ఇలా అమ్మగలమని అనుకోవడం లేదు.

ఈ ఉగాదికి ఒప్పందం మళ్లీ రాసుకోవడానికి బాబాయి గారు స్వయంగా వచ్చారు. చేలోకి దిగి చెప్పులు విడిచి నడిచారు. చొప్ప పక్కకు నెట్టి, కర్రతో గుచ్చి, లేచిన మట్టిలో వానపాములను చూసి, "నేల బాగా తిరిగిందమ్మాయ్," అన్నారు. కాఫీ తాగాక, పొలం బాగైంది కాబట్టి కౌలు ఎకరానికి 8 వేలు పెంచాలన్నారు. ఇంకెవరో 33 వేలకు అడుగుతున్నారట.

మూడేళ్లు ఆ మన్నుకు తిండి పెట్టింది మేము. దానికి పెరిగిన ధర మా దగ్గరే వసూలు చేస్తున్నారు. అలాగని ఆయన దుర్మార్గుడు కాదు, పెద్ద మనిషి, అవసరంలో ఉన్నవాడు. ఆయన కళ్లకు బాగుపడిన నేల తన నేల. కాగితం 11 నెలలకే ఉంటుంది, మన్ను మారడానికి మూడేళ్లు పడుతుంది. ఈ రెంటి మధ్య ఉన్న సందులో కౌలుదారు శ్రమ ఎవరిదో చట్టంలో ఎక్కడా రాయలేదు. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన ప్రకృతి వ్యవసాయ మిషన్‌లో కోటి మంది రైతులు, 2,481 కోట్ల రూపాయలు అని చదివాను. కౌలు కాలం గురించి మాత్రం మా శిక్షణల్లో ఒక్కరూ మాట్లాడగా వినలేదు.

గ్రామ సంఘం అరుగు మీద రెండు పూటలు కూర్చున్నాము. ఎకరానికి 3 వేల పెంపు, కార్డు ఏటా నా పేరు మీదే, మూడేళ్ల దాకా చేను మరొకరికి ఇవ్వకూడదని తెల్లకాగితం మీద రాసుకున్నాము. ఆ మూడేళ్ల మాటకు చట్టంలో విలువ ఎంతో తెలియకపోయినా సాక్షి సంతకాలు 11 మందివి ఉన్నాయి, అందరూ ఆడవాళ్లే. బాబాయి గారు చివర్లో సంతకం పెడుతూ, ఈసారి గోంగూర ఎర్రదే పంపమన్నారు. విత్తనాల పట్టా రేపు పరుస్తున్నాము; ఎర్ర గోంగూర గింజలు పావుకిలో ఎక్కువ వేశాను.